ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు

ఆదివారం మూడున్నరకి
నెల్లిమర్ల జూట్ మిల్లు క్వార్టర్స్ వెనక గ్రౌండులో
ముందు నేను చేసే పని బంతికి గాలి కొట్టడం కాదు,
గోలుపోస్టుని వాటేసుకుని ఊపడం.
కదిలితే ఆట లేదు.
కదలకపోతే ఇంకోసారి ఊపుతాను.
దాని కాళ్ల మీద రెండేసి మూటలు:
యూరియా సంచుల్లో చంపావతి ఇసుక,
మూతి కట్టింది మిల్లు పురికొసతో.

తర్వాత పిల్లల్ని వరసలో నిలబెడతాను.
పన్నెండు నిండలేదని
ఆధార్ జిరాక్సు మడతపెట్టి తెచ్చినవాళ్లు.
మేజోళ్ల మీద వేలితో కొడితే టక్ మనాలి.
కొనలేనోళ్లకి నేనే చేసిస్తాను,
నాలుగంగుళాల పైపు నిలువునా చీల్చి
అంచులు కొవ్వొత్తి మీద మెత్తబరిచి
లోపల పాత దుప్పటి అతికించి.

మోక్షిత్ కడియం రానంది.
సబ్బునీళ్లు పోసి లాగాను.
జోషిత కొత్తగా ముక్కు కుట్టించుకుంది.
"తీస్తే పూడిపోద్ది బాబాయ్!"
అయితే ఈవారం జెండా పట్టుకో తల్లీ, అన్నాను.
మాటాడకుండా తీసుకుంది.
నాలుగు ఆఫ్‌సైడ్లు చూపించింది,
అందులో రెండు నా మీద కోపంతో.

సున్నం గీతకి అవతల తండ్రులు.
తవిటినాయుడి గొంతు మాత్రం ఎప్పుడూ ఇవతలే ఉంటుంది.
"తలతో కొట్టొద్దంటాడేటి! ఫుట్‌బాలంటే అదే కదేటి!"
ఆ తలతోనే రేపు లెక్కల పరీక్ష రాయాల, అంటాను.
నవ్వుతారు. అతను నవ్వడు.

ఒకటీ ఒకటి. రెండు నిమిషాలుంది.
పెనాల్టీ.
మోక్షిత్ బంతి పెట్టాడు, వెనక్కి నడిచాడు,
ఊపిరి లోపలికి తీశాడు.
అప్పుడు రామతీర్థం కొండల వెనక
ఎవరో ఖాళీ డ్రమ్ము దొర్లించినట్టు.

విజిల్ మూడుసార్లు ఊదాను.
స్కూలు వరండాలోకి! వేపచెట్టు కిందకి కాదు!
పోస్టు ముట్టుకోకండి! పరుగు!

"ఒక్క తన్నే కదా సారూ!
సినుకైనా పడలేదు!"
తవిటినాయుడు, వాడి తండ్రి.

నేను చేరినప్పుడు
మా లైన్‌మేన్ల రూలు పుస్తకం పల్చగా ఉండేది.
ఏడాదికో కాగితం అతికించారు.
ఏ కాగితం ఎవరిదో మాకు తెలుసు.
పదహారోది సూరప్పడిది.
లైన్ క్లియర్ తీసుకున్నాడు, ఎర్త్ రాడ్డు వెయ్యలేదు.
ఒక్క ఫ్యూజే కదా, అన్నాడు.
కింద నిచ్చెన పట్టుకున్నది నేను.

అదేమీ చెప్పలేదు.
ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు, అన్నాను.
వాచీ విప్పి జోషిత చేతిలో పెట్టాను.

వరండాలో ఇరవైరెండు మంది తడి చెమట వాసన.
ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం ఒకటి
ఆ చివర్నించి ఈ చివరికి వచ్చేసరికి కాగితం మిగిలింది.
తొమ్మిదో నిమిషంలో ఉరిమింది. మళ్లీ సున్నా.
ఇరవై ఆరో నిమిషంలో, కావాలని చేసినట్టు, మళ్లీ.
పిల్లలందరూ ఒక్కసారే ఆకాశాన్ని తిట్టారు.
ఆ తిట్లు నేను వినలేదు.

మోక్షిత్ గచ్చు మీద
లేని బంతిని ఎడం మూలకి తన్నాడు.
గోలీ కూడా అటే దూకింది.
ఇద్దరూ గొడవపడ్డారు, గోలా కాదా అని.
నన్నడిగారు. ఆట ఆగి ఉంది, అన్నాను.

వాన దిగింది.
గ్రౌండులో తవిటినాయుడొక్కడే,
మోటర్‌సైకిల్ పక్కన, చేతులు కట్టుకుని, గీత అవతల.
ఈసారి గీత దాటలేదు, నేను కావాలనుకున్నా.
దాటవయ్యా.
దాటి ఇలా రావయ్యా.

తెల్లగా వెలిగింది. ఒకటి, రెండు, మూడు అనేలోపే పేలింది.
వరండా కిటికీలు జలదరించాయి.

అతను వచ్చాడు. పరిగెత్తలేదు గానీ
నడక అనడానికి లేదు.
మెట్టు మీద నిలబడి చొక్కా కొస పిండుకున్నాడు.
ఎవరివైపూ చూడకుండా అడిగాడు,
"ఎంతయింది, పాప?"

జోషిత వాచీ దీపం దగ్గరికి వంచింది.
"ఇప్పుడే మొదలెట్టాను, బాబాయ్."